తల్లి పేరు గడి

కాగితం బయటికి తోసేటప్పుడు వంశదర్శిని పెట్టె చిన్నగా గురక పెడుతుంది. ఆ చప్పుడు నాకు అలవాటే. తొమ్మిదో తరగతి నుంచి మా బడి సైన్సు గదిలో ట్యూబులు కడిగేదీ, లేబుళ్ళు అంటించేదీ, ఫారాలు నింపేదీ నేనే. నా చేతిరాత బాగుంటుందనీ, ఎవరితోనూ మాట్లాడను కాబట్టి ఎవరి సంగతీ బయటికి పోదనీ శ్యామసుందర్ మాస్టారు నన్ను ఎంచుకున్నారు. నా పేరు ఢిల్లీశ్వరి. "మన మాట ఢిల్లీకి చేరినా బయటికి రాదు" అని ఊళ్ళో నా మీద ఒక జోకు.

ఆ శనివారం గురక పెట్టి బయటికొచ్చిన కాగితం మా తవిటమ్మత్తది.

మాస్టారు కళ్ళజోడు పైకి తోసుకుని చదివారు. మళ్ళీ చదివారు. కాగితం బల్ల మీద బోర్లా పెట్టి, కిటికీలోంచి వరండా వైపు చూశారు. అత్త అక్కడ బెంచీ మీద కూర్చుని ఉంది. ఆమె పక్కన జీడిపిక్కల కార్ఖానాలో ఆమెతో పనిచేసే ఆడవాళ్ళు నలుగురు. కొంచెం అవతల దాలినాయుడు కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. పదేళ్ళ నుంచి మా పాతజీడిపాలేనికి ప్రెసిడెంటు ఆయనే. ఈసారి ఆయన మీద నామినేషను వేసింది మా అత్త ఒక్కతే.

"ఏటి మాస్టారూ, మీ పెట్టె ఏటన్నాది?" అంది అత్త.

మాస్టారు కాగితం నా చేతికిచ్చారు. నేనే తీసుకెళ్ళి ఇచ్చాను. అత్తకి చదువు తక్కువ. ఒక్కొక్క అక్షరం కూడబలుక్కుంటూ పైకే చదివింది.

"మూత్రపిండాల వైఫల్యం. నాలుగేళ్ళ లోపు. సంక్రమణ: తల్లి వైపు నుంచి, వంశపారంపర్యం. పోటీకి అనర్హత."

దాలినాయుడు కుర్చీలోంచి లేచి కండువా దులుపుకున్నాడు. "అయ్యో, పాపం. ముందు ఆరోగ్యం చూసుకో తవిటమ్మా. రాజకీయాలెక్కడికి పోతాయి?" అన్నాడు. ఆయన మొహంలో ఆశ్చర్యం లేదు. నాకు మొదట అనుమానం వచ్చింది అక్కడే.

వంశారోగ్య చట్టం వచ్చి రెండేళ్ళయింది. ఉమ్మి ఒక చుక్క ట్యూబులో వేసి, ఫారం నింపి పెట్టెలో పెడితే అరగంటలో వంశపత్రం వస్తుంది. ఏ జబ్బు ఏ వయసులో వస్తుందో, అది అమ్మ వైపు నుంచి వచ్చిందో నాన్న వైపు నుంచి వచ్చిందో అందులో ఉంటుంది. మొదట్లో అందరూ దండాలు పెట్టారు. జబ్బు ముందే తెలిస్తే మందు ముందే ఇస్తారనుకున్నారు. తర్వాత పెళ్ళిళ్ళకి అడగడం మొదలుపెట్టారు. తర్వాత ఉద్యోగాలకి. ఇప్పుడు ఎన్నికలకి. పదవిలో ఉండగా మనిషి మంచాన పడితే మళ్ళీ ఎన్నిక పెట్టాల్సి వస్తుందనీ, అందుకని అయిదేళ్ళ లోపు పెద్ద జబ్బు రాసి ఉన్నవాళ్ళు నిలబడకూడదనీ చట్టం.

మా ఊళ్ళో మూత్రపిండాల జబ్బు కొత్తది కాదు. నలభై ఏళ్ళు దాటినవాళ్ళు ఉన్న చాలా ఇళ్ళల్లో ఎవరో ఒకరు దానితో పోయారు. నూతుల్లో నీళ్ళు మంచివి కావని మా చిన్నప్పటి నుంచి వింటున్నాం. నది నీళ్ళు గొట్టాల్లో తెస్తామని ఒక పథకం కూడా వచ్చింది. కొండ అవతలి దాకా గొట్టాలు పాతారు. తర్వాత వంశదర్శిని వచ్చింది. వంద మంది రోగుల్ని పరీక్షించి, తొంభైరెండు మందిది వంశపారంపర్యమేనని తేల్చింది. నీళ్ళ తప్పు కానప్పుడు గొట్టాలెందుకని పథకం ఆపేశారు. ఆపేయమన్న కాగితం మీద ఊరి తరఫున సంతకం పెట్టింది దాలినాయుడు.

ఆ గొట్టాలు ఊళ్ళోకి తెప్పిస్తానని మా అత్త నామినేషను వేసింది. ఆమెకి వేరే మాట లేదు. ఎవరేమడిగినా గొట్టాలే.

* * *

"ట్యూబు మార్చీసినారు. ఇంకేటి కాదు," అన్నాడు నాన్న ఆ మధ్యాహ్నం, అన్నం ముందు కూర్చుని.

"ఎవుడు మార్చీసినాడు?" అంది అమ్మ.

"దాలినాయుడు మనిషి. లేకపోతే ఆ మాస్టారే. ఆయనకి బదిలీ కావాల. పట్నంలో పెళ్ళాం పిల్లలున్నారు. బదిలీ ఎవుడి చేతిలో ఉందో నీకు తెల్దా?"

అత్త మా నాన్నకి అక్క. నాలుగిళ్ళ అవతల ఉంటుంది. ఆ పూట మా ఇంట్లోనే అన్నానికి కూర్చుంది గాని, తినడం లేదు. "మాస్టారు అలాటోడు కాదులే," అంది.

"నువ్వూరుకో అప్పా. నీకు అందరూ మంచోళ్ళే." నాన్న నా వైపు తిరిగాడు. "ఒలే, నువ్వక్కడే ఉన్నావు కదా. ఏటి చూసినావు?"

నేను లేచి వెళ్ళి నా డైరీ తెచ్చుకున్నాను. రోజూ ఏ ట్యూబు ఏ నంబరో, ఎవరు ఎన్నింటికి వచ్చారో అందులో రాసుకుంటాను. మాస్టారు రాయమనలేదు. మాట్లాడని మనిషికి రాసుకోవడమే మాట్లాడటం. అత్త ట్యూబు నంబరు పదిహేడు. పది గంటల పది నిమిషాలకి నా చేత్తోనే లేబులు అంటించాను. నా చేత్తోనే పెట్టెలో పెట్టాను. కాగితం వచ్చేదాకా నేను ఆ గది దాటలేదు. మాస్టారు పెట్టెని ముట్టుకోలేదు. దాలినాయుడు మనుషులెవరూ లోపలికి రాలేదు.

డైరీ నాన్నకి చూపించాను. నాన్న చదివి, పక్కన పెట్టి, "అయితే నువ్వు చూడనప్పుడు మార్చీసుంటారు," అన్నాడు.

నాకూ ఆ మాట నమ్మాలనే ఉంది. నమ్మలేకపోయాను. ట్యూబు మారలేదు. మరి దాలినాయుడికి ముందే ఎలా తెలుసు?

సాయంకాలం అత్త జోగమ్మ ఇంటికి వెళ్తూ నన్ను తోడు రమ్మంది. జోగమ్మకి డెబ్బై అయిదేళ్ళు. అత్త పుట్టిన ఇంటికి ఎదురిల్లు ఆమెది. ఆమె కొడుకు సింహాచలం వారానికి రెండుసార్లు పట్నం వెళ్ళి మిషను మీద రక్తం కడిగించుకుని వస్తాడు. శనివారం ఆయన వెళ్ళే రోజు. మేం వెళ్ళేసరికి అరుగు మీద గోడకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. మొహం పిండి రాసినట్టు పాలిపోయి ఉంది.

"ఏటే చెల్లీ, నీకూ నా జబ్బే వచ్చిందట కదా," అన్నాడు నవ్వుతూ. "రా, పక్కన కూర్చో. బస్సులో నాకు తోడు దొరికింది."

"నోర్ముయ్యిరా," అంది జోగమ్మ లోపలి నుంచి. బయటికొచ్చి అత్త గడ్డం పట్టుకుంది. "ఏటన్నాదే ఆ పెట్టె? ఏదీ, ఆ గుంట చేత చదివించు."

చదివాను. "సంక్రమణ: తల్లి వైపు నుంచి" అన్న చోటికి రాగానే జోగమ్మ చెయ్యి అడ్డం పెట్టింది.

"ఏ తల్లి?"

కాగితంలో కింద ఉంది. తల్లి పేరు: జోగమ్మ. అదే చదివాను.

జోగమ్మ ఒక్క క్షణం నా వైపు చూసి, పళ్ళు లేని నోటితో గట్టిగా నవ్వింది. "ఓలమ్మో! నా రక్తం దానికెక్కడిదే? శేరు తవుడు పోసి కొనుక్కున్నాను గాని, నేనేటి కన్నానా దాన్ని?"

కాగితంలో ఆ పేరు మళ్ళీ చూశాను.

మా ఊళ్ళో ఈ సంగతి అందరికీ తెలుసు. అందరికీ తెలుసు కాబట్టే ఎవరికీ గుర్తుండదు. మా నాన్నమ్మకి మొదటి ఇద్దరు పిల్లలూ పురిట్లోనే పోయారు. మూడోసారి అత్త పుట్టింది. పుట్టిన నాడే తీసుకెళ్ళి పెంట మీద పడుకోబెట్టారు. ఎదురింటి జోగమ్మ వచ్చి శేరు తవుడు పోసి కొనుక్కుంది. పాలిచ్చి పెంచమని తిరిగి నాన్నమ్మ ఒళ్ళోనే పెట్టింది. వేరే ఊళ్ళలో ఏడాదికో రెండేళ్ళకో ఆ మాట వదిలేస్తారట. మా ఊళ్ళో వదలరు. ఎవరడిగినా ఆ పిల్ల కొన్న తల్లి పేరే చెప్పాలి. లేకపోతే ముందు పిల్లల్ని పట్టుకుపోయినది ఈ పిల్లనీ గుర్తు పట్టేస్తుందని భయం. అందుకే అత్త బడి రిజిస్టరులో తల్లి జోగమ్మ. రేషను కార్డులో జోగమ్మ. ఓటరు జాబితాలో జోగమ్మ. ఆ పొద్దున్న వంశదర్శిని ఫారంలో, తల్లి పేరు గడిలో కూడా జోగమ్మ.

ఆ ఫారం నింపింది నేనే. అత్తని అడగనైనా అడగలేదు. కార్డు నంబరు కూడా చూడకుండా రాశాను. ఊళ్ళో సగం మంది నంబర్లు నాకు నోటికి వచ్చు.

జోగమ్మ మొగుడు ఆ జబ్బుతోనే పోయాడు. ఇద్దరు మరుదులు పోయారు. కొడుకు పోబోతున్నాడు. ఆమె ఇంటి చరిత్ర మొత్తం పెట్టెలో ఉంది. కాని వాళ్ళలో ఎవరి రక్తమూ మా అత్తలో లేదు. మరి ఆ ఉమ్మి చుక్కలో పెట్టెకి కనబడింది ఏమిటి?

పెట్టె చదివింది ఉమ్మినా, గడినా?

* * *

ఆదివారం బడికి సెలవు. సైన్సు గది తాళం చెవి నా దగ్గరే ఉంటుంది. పదకొండు గంటలకి వెళ్ళి, లోపల గడియ పెట్టుకుని, రెండు ట్యూబులు తీశాను. రెండింట్లోనూ నా ఉమ్మే వేశాను. మొదటి ఫారంలో తల్లి పేరు దగ్గర మా అమ్మ పేరు, ఈశ్వరమ్మ అని రాశాను. పెట్టె అరగంటకి గురక పెట్టింది. "అరవయ్యేళ్ళ లోపు చెప్పుకోదగిన వ్యాధి లేదు."

రెండో ఫారంలో తల్లి పేరు జోగమ్మ అని రాసి, ఆమె నంబరు వేశాను. పెట్టె అద్దం మీద "ఈ పేరుతో పత్రం ఉన్నది. సవరణా?" అని వచ్చింది. అవును అని నొక్కాను.

ఆ అరగంటా కుర్చీలో కూర్చోలేకపోయాను. రెండో కాగితం వచ్చింది. "మూత్రపిండాల వైఫల్యం. ముప్ఫై ఒకటో ఏట. సంక్రమణ: తల్లి వైపు నుంచి."

ఒకటే నోరు. ఒకటే ఉమ్మి. ఒక కాగితంలో నేను ముసలిదాన్ని అవుతాను. ఇంకో కాగితంలో ఇంకో పదిహేనేళ్ళకి సింహాచలం పక్కన బస్సులో కూర్చుంటాను.

తలుపు తట్టారు. మాస్టారు. ఆయన బడి వెనక గదిలోనే అద్దెకుంటారు. మిషను చప్పుడు విని వచ్చారు. కాగితాలు దాచుకునే తెలివి నాకు రాలేదు. రెండూ ఆయన చేతిలో పెట్టాను.

ఆయన చదివి బల్ల మీద చతికిలబడ్డారు.

"మీకు తెలుసా సార్?" అన్నాను. ఆయనతో అన్ని నెలల్లో నేను అడిగిన మొదటి ప్రశ్న అదే.

"అనుమానం," అన్నారు. "ఉమ్మిలో కొంత చూస్తుందమ్మా. పూర్తిగా అబద్ధం కాదు. చక్కెర జబ్బు లాంటివి బాగానే పడుతుంది. మన జబ్బు దానికి కనబడదు. కనబడనప్పుడు ఖాళీగా వదలకూడదు కదా, ఇంటి చరిత్ర చూసి నింపేస్తుంది. ఇంట్లో ముగ్గురు పోతే నాలుగోవాడికీ అదే రాసేస్తుంది. శిక్షణలో నేను అడిగాను. ఇది శిక్షణ, చర్చ కాదు అన్నారు."

"అందరికీ చెప్పొచ్చు కదా సార్."

"నేనొక్కణ్ణి చెబితే ఎవరు వింటారు? దాలినాయుడికి మాత్రం చెప్పానమ్మా, పోయినేడాది. గొట్టాల కాగితం మీద సంతకం పెట్టొద్దని చెప్పడానికే వెళ్ళాను. ఆయన అంతా విని, అయితే ఎవరింట్లో ఎంతమంది పోయారో తెలిస్తే పెట్టె ఏం చెబుతుందో నేనే చెప్పేయొచ్చన్నమాట, అన్నాడు."

ప్రెసిడెంటుకి ఆశ్చర్యం ఎందుకు కలగలేదో అర్థమైంది. అత్త రేషను కార్డు ఆయన ఎన్నిసార్లు చూసి ఉంటాడో.

మాస్టారు నా రెండో కాగితాన్ని మళ్ళీ చూశారు. "సవరణ నొక్కావా?"

తల ఊపాను.

"ఒకసారే ఒప్పుకుంటుందమ్మా అది. రెండోసారి మార్చాలంటే అధికారి సంతకం కావాలి. అధికారి ఎందుకు మార్చావని అడుగుతాడు. తెలిసి తప్పు రాస్తే ఈ చట్టంలో కేసు." ఆయన గొంతు తగ్గించారు. "సర్కారు లెక్కలో నువ్విప్పుడు జోగమ్మ కూతురివి."

* * *

ఎండ తగ్గాక అత్త ఇంటికి వెళ్ళాను. జోగమ్మ కూడా అక్కడే ఉంది. రెండు కాగితాలూ చాప మీద పరిచి, ఎప్పుడూ మాట్లాడనన్ని మాటలు మాట్లాడాను. జోగమ్మ విని, "తవుడు ఖర్చు లేకుండానే ఇంకో గుంట దొరికింది నాకు," అంది. ఆమె నవ్వితే నాకూ నవ్వొచ్చింది. అత్త నవ్వలేదు.

"రేపు నామినేషన్లు చూడటానికి అధికారి వొస్తాడు కదా అత్తా. తల్లి పేరు తప్పు పడిందని చెప్పు. నాన్నమ్మ పేరు వేసి మళ్ళీ పరీక్ష చేస్తారు. నాన్నమ్మ వైపు ఎవరికీ ఈ జబ్బు లేదు. నీకేమీ లేదని వొస్తుంది. నువ్వు నిలబడొచ్చు."

"సెప్పీయే," అంది జోగమ్మ. "నాకేటి బాధ లేదు. నలభై ఎనిమిదేళ్ళయింది. నిన్ను పట్టుకుపోవాలనుకున్నది ఈపాటికి విసుగెత్తి వెళిపోయుంటాది. కావాలంటే తవుడు తిరిగిచ్చీ."

అత్త కాళ్ళు చాపింది. చీర కుచ్చిళ్ళు కొంచెం పైకి తీసి, చీలమండ పైన బొటనవేలు పెట్టి గట్టిగా నొక్కింది. వేలు తీసింది. అక్కడ గుంట పడింది. నేను చూస్తూనే ఉన్నాను. అది పూడలేదు.

"పెద్దాసుపత్రికి వెళ్ళినాను," అంది అత్త. "నామినేషనుకి ముందే. రక్తం చూసినారు. అయిపోలేదు గాని, మొదలైపోనాది అన్నారు. మందులిచ్చినారు. ఉప్పు మానీమన్నారు."

జోగమ్మ ఆ గుంట మీద చెయ్యి వేసింది. నేను ఎన్ని సందేహాలు పడ్డానో. దాలినాయుడు మీద, మాస్టారు మీద, పెట్టె మీద. అత్త మీద పడాలని ఎప్పుడూ తోచలేదు.

"జబ్బు దాచి నామినేషను వేశావా?" అన్నాను.

"వేసినాను. నాలుగేళ్ళుంటే చాలు. గొట్టాలు కొండ దాటడానికి ఆర్నెల్లు చాలు. ఏటి, తప్పా?"

తప్పో కాదో నాకు తెలియలేదు. ఇప్పటికీ తెలియదు.

"మరి రేపు?"

"అదే ఆలోచిస్తన్నాను. నీ మాట విని పేరు మార్చినాననుకో. పెట్టె నన్ను మంచిదానివంటాది. నేను నిలబడతాను. బాగుంది. కాని పేరు తప్పు పడింది గాని పెట్టె తప్పు కాదని నా చేతే రాయించుకుంటారు. ఆ కాయితం పట్టుకుని మళ్ళీ ఎవుడైనా గొట్టాలకి అడ్డం పడతాడు. ఇదిగో, మీ ప్రెసిడెంటమ్మే సంతకం పెట్టింది, పెట్టె బంగారం అని. అప్పుడు నేను కుర్చీలో ఉండి ఏటి పీకుతాను?"

"మార్చకపోతే నిలబడలేవు కదా."

"నిలబడలేను."

అత్త నా రెండు కాగితాలూ మడిచి నా చేతిలో పెట్టింది. "ఇవి రేపు బయటికి తియ్యకు. నీ మీద కేసు పడితే నాన్న నన్ను నరికీస్తాడు. నేను చూసుకుంటాను."

* * *

సోమవారం నామినేషన్ల పరిశీలన మా బడిలోనే జరిగింది. అధికారి పట్నం నుంచి జీపులో వచ్చాడు. చిన్న వయసు, ఇస్త్రీ చొక్కా. మా వాళ్ళు వరండా నిండా, కిటికీల నిండా ఉన్నారు. సింహాచలం కూడా వచ్చి గడప మీద కూర్చున్నాడు.

అధికారి కాగితాలు తిరగేశాడు. "అభ్యంతరం పెట్టారట. ఏమిటమ్మా?"

"ఈ కాయితంలో జబ్బు తల్లి నుంచి వొచ్చిందని ఉంది బాబూ," అంది అత్త. "అందులో ఉన్న తల్లి నన్ను కనలేదు. కొనుక్కుంది."

అధికారికి అర్థం కాలేదు. జోగమ్మ పుల్లలా నిలబడి తవుడు సంగతి మొత్తం చెప్పింది. ఆయన మొదట చిరాకు పడ్డాడు, తర్వాత తేలికగా ఊపిరి పీల్చుకున్నాడు.

"అంటే ఫారంలో పొరపాటు. మిషనులో ఏ పొరపాటూ లేదు. ఇది చాలా చిన్న విషయమమ్మా. అసలు తల్లి పేరు రాసివ్వండి, ఇప్పుడే సవరించేద్దాం."

దాలినాయుడు లేచాడు. "సార్, రికార్డులన్నిట్లో ఒక పేరు పెట్టుకుని ఇప్పుడు ఇంకో పేరంటే..."

"మీరు కూర్చోండి. సవరణకి చట్టంలో వీలుంది."

అత్త మళ్ళీ ఉమ్మింది. నేను లేబులు అంటించాను. ఈసారి తల్లి పేరు గడిలో నాన్నమ్మ పేరు, నరసమ్మ అని రాశాను. అరగంట ఎవరూ బయటికి కదల్లేదు. పెట్టె గురక పెట్టింది. అధికారి తానే తీసి చదివాడు.

"చెప్పుకోదగిన వ్యాధి లేదు. అర్హత ఉన్నది." ఆయన నవ్వాడు. "మీకే జబ్బూ లేదమ్మా. హాయిగా పోటీ చేసుకోండి. ఫారంలో తప్పు నాదేనని ఇక్కడొక సంతకం పెట్టండి."

వరండాలో ఆడవాళ్ళు కేక వేశారు. నాన్న నా భుజం పట్టుకుని ఊపేశాడు. అత్త మాత్రం పెన్ను తీసుకోలేదు. జాకెట్టులోంచి మడతపెట్టిన కాగితం ఒకటి తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది పెద్దాసుపత్రి కాయితం బాబూ. పన్నెండు రోజులైంది. చదవండి."

ఆయన చదివాడు. నవ్వు పోయింది.

"సర్కారు పెట్టె నాకు జబ్బు లేదంటాది. సర్కారు ఆసుపత్రి ఉందంటాది. రెండిట్లో సర్కారేదో మీరే చెప్పండి."

నాన్న చెయ్యి నా భుజం మీంచి జారిపోయింది. "అప్పా?" అన్నాడు, చిన్నపిల్లాడిలా.

అత్త అటు చూడలేదు. "జోగమ్మ కూతుర్నంటే నాకు జబ్బు వొస్తాదంట. నరసమ్మ కూతుర్నంటే రాదంట. జబ్బు ఇదివరకే వొచ్చీసింది. జోగమ్మ ఇవ్వలేదు, మా అమ్మ ఇవ్వలేదు. మరి ఎవులిచ్చినారు? నా నామినేషను కొట్టీండి. కొట్టీసి, ఎందుకు కొట్టీసినారో రాసి, సంతకం పెట్టివ్వండి."

"అమ్మా, మీరే వద్దంటున్నారు. అర్హత వచ్చింది కదా. ఈ ఆసుపత్రి కాగితం నేను చూడలేదనుకోండి."

"చూసినారు. ఇంతమంది చూసినారు."

అధికారి తిరస్కరణ పత్రం తీశాడు. నేను ఆయన పక్కనే ఉన్నాను. అందులో కారణం దగ్గర రెండే గడులున్నాయి. వంశపారంపర్యం. ఇతరములు. మొదటి గడి మీద పెన్ను పెట్టాడు. అప్పుడే ఆయన బల్ల మీద ఆరని సిరాతో ఇంకో కాగితం ఉంది, వంశంలో ఏ వ్యాధీ లేదని. పెన్ను ఎత్తేశాడు. రెండో గడి దగ్గర ఆగాడు.

"ఇతరములు అంటే పద్నాలుగో సెక్షను సార్," అన్నారు మాస్టారు. ఆయన గోడ పక్కన నిలబడి ఉన్నారు. మాట స్పష్టంగానే వచ్చింది. "నెల రోజుల్లో కారణం విచారించాలి. మట్టి, నీరు, తిండి, అన్నీ. రాష్ట్రంలో ఇంతవరకు ఆ గడిలో ఎవరూ టిక్కు పెట్టలేదు. అందుకే విచారణా జరగలేదు."

దాలినాయుడు మాస్టారి వైపు చూసిన చూపు నేను మర్చిపోలేను. మాస్టారు కూడా ఆ చూపు చూశారు. ఆయన బదిలీ ఆ క్షణంలోనే పోయిందని నాకు అనిపించింది. ఆయనకీ అనిపించే ఉంటుంది.

అధికారి చాలాసేపు ఫోను వైపు చూశాడు. తర్వాత ఇతరములు అన్న గడిలో టిక్కు పెట్టి, సంతకం చేసి, ముద్ర వేశాడు.

అత్త కాగితం తీసుకుంది. గుమ్మం దగ్గర నాన్న అడ్డం వచ్చాడు. ఆమె చేతిలో సంచీ తీసుకున్నాడు. "మందులు వేసుకుంటన్నావా?" అన్నాడు చివరికి.

"మానీలేదురా," అంది అత్త.

దాలినాయుడు పోటీ లేకుండా మళ్ళీ ప్రెసిడెంటు అయ్యాడు.

* * *

మంగళవారం పొద్దున్న తాళం తీద్దామని వెళ్ళేసరికి సైన్సు గది ముందు నలభై మందికి పైగా ఉన్నారు. అందరి చేతుల్లోనూ పాత వంశపత్రాలు. కొన్ని నలిగిపోయాయి, కొన్నింటికి దేవుడి పటం వెనక పెట్టిన పసుపు అంటుకుని ఉంది. ముందు జోగమ్మ సింహాచలాన్ని చెయ్యి పట్టుకుని నిలబడింది. మాకూ ఆ రెండో గడిలో టిక్కు కావాలంటున్నారు అందరూ.

నిజానికి నాకు భయంగానే ఉంది. పై ఆఫీసు నుంచి ఎవరో వస్తున్నారని మాస్టారు చెప్పారు. విచారణకో, పెట్టెని పట్టుకుపోవడానికో ఆయనకీ తెలియదు. ఆ పెట్టెలో ఇప్పటికీ నేను ముప్ఫై ఒకటో ఏట మంచాన పడతానని ఉంది. అది అబద్ధమని నేను రుజువు చేయగలను. కాని పుట్టినప్పటి నుంచి ఆ నూతి నీళ్ళే తాగుతున్నాను. అబద్ధం కూడా ఒక్కోసారి నిజమవుతుందని అత్త కాళ్ళు చూశాక తెలిసింది.

బల్ల ముందు కూర్చుని మొదటి ఫారం తీశాను. జోగమ్మ కొడుకుని ముందుకు తోసింది.

"పేరు?" అన్నాను.

"సింహాచలం."

"తల్లి పేరు?"

జోగమ్మ ఫారం మీద చెయ్యి అడ్డంగా పెట్టింది. "అది వొదిలీయే. మేం ఏ నూతి నీళ్ళు తాగుతున్నామో, అది రాసుకో."

ఫారంలో ఆ గడి లేదు. అంచున ఖాళీ ఉంటే అక్కడ రాశాను. వెనకున్నామె అప్పటికే తన కాగితం చాపింది.